గోధుమ మానేశాక కంచంలో ఏముంది?

హైదరాబాదు జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో, 45లో చాలా కాఫీ షాపుల మెనూ మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అన్న మాట ఇప్పుడు మామూలైపోయింది. దాన్ని అడిగి తెప్పించుకునేవాళ్లలో ఎక్కువమందికి జబ్బేమీ ఉండదు. ఒళ్లు తగ్గుతుందని, ముఖం తేటగా ఉంటుందని, కెమెరా ముందు పొట్ట ఉబ్బరంగా కనిపించదని గోధుమ మానేసినవాళ్లు సినిమావాళ్లలో ఉన్నారు. వాళ్లను చూసి మానేసినవాళ్లు ఇంకా ఎక్కువ. వీళ్ల మధ్యనే కొద్దిమందికి మాత్రం ఇది సరదా కాదు. వాళ్లకు ఉన్నది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు తగిలితే వాళ్ల రోగనిరోధక వ్యవస్థ తిరగబడి సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి పొర మీద పోషకాలను పీల్చుకునే సన్నని చూషకాలు అరిగి చదునైపోతాయి. దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానడమొక్కటే మార్గం. ఆ సంగతి మీద వైద్యుల్లో భేదాభిప్రాయం లేదు. భేదాలన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి: మానేసిన చోట ఏం తినాలి, తగ్గిన విటమిన్లను తిండితో పూడ్చాలా, మాత్రలతోనా, ఎంతకాలం?

ముందుగా, ఇది మన ప్రాంతంలో ఎంత ఉంది అన్న ప్రశ్న. ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో నూటికి 1.23 మందిలో కనిపించగా, దక్షిణాదిన అంటే వెల్లూరు ప్రాంతంలో నూటికి 0.10 మందిలోనే కనిపించాయి. విశేషమేమిటంటే, ఈ జబ్బుకు అవకాశమిచ్చే జన్యువులు రెండుచోట్లా దాదాపు సమానం: ఉత్తరాదిన 38 శాతం, దక్షిణాదిన 36 శాతం. తేడా గోధుమ దగ్గరుంది. అక్కడ రోజుకు సగటున 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. దీన్నిబట్టి గోధుమ పెరిగితే జబ్బూ పెరుగుతుందని తేల్చి చెప్పలేం. అయినా షుగరు వచ్చిన ప్రతి ఇంట్లో రాత్రి అన్నం పోయి చపాతీ వచ్చిన రోజులివి. ఒక జబ్బుకు చెప్పిన పథ్యం, జన్యువు ఉన్న కొద్దిమందిలో మరో జబ్బుకు దారి తీయవచ్చుననే అనుమానాన్ని తోసిపారేయడం కూడా కష్టమే.

అరుదు కాబట్టి మన వైద్యుడికి ఇది ఆఖరున తడుతుంది. అందులో తప్పుపట్టడానికి పెద్దగా లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 58 మందికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. ఇంతమందిలో సీలియాక్ వెతకబోతే గడ్డివాములో సూది వ్యవహారం. పైగా దక్షిణాదిలో పేగు పొర అరిగి, ఫోలేట్, బి12 పడిపోయే మరో జబ్బు ట్రాపికల్ స్ప్రూ. దాని మీద వెల్లూరు వైద్యులు దశాబ్దాలపాటు పనిచేశారు. బయాప్సీలో రెండూ ఒకేలా కనిపించవచ్చు. అంచేత మన వైద్యుడు ముందు స్ప్రూనో, పేగు క్షయనో అనుమానిస్తే అది అనుభవం చెప్పిన మాటే. అయితే ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగినా హిమోగ్లోబిన్ కదలని మనిషికి, ఎత్తు పెరగని పిల్లకి, కారణం తెలియకుండా ఎముకలు పలచబడుతున్న నడివయసు స్త్రీకి సీలియాక్ యాంటీబాడీల రక్తపరీక్ష రాయకపోవడం కూడా పొరపాటే. సీలియాక్ ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి విరేచనాలే ఉండవు. రక్తం తగ్గడమొక్కటే బయటికి కనిపిస్తుంది.

జూబ్లీహిల్స్ ఫ్యాషన్ మంచి చేసిందా, చెడు చేసిందా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. మంచి చేసిన మాట నిజం. రోగుల సంఖ్యను చూసి మాత్రమే అయితే ఏ దుకాణమూ గ్లూటెన్ లేని పిండి, బ్రెడ్డు, పాస్తా అరలో పెట్టదు. అంత గిరాకీ ఉండదు. జబ్బు లేనివాళ్లు కొన్నందువల్లే జబ్బున్నవాళ్లకు సరుకు దొరుకుతోంది. సమంత 2022లో తనకు మయోసైటిస్ ఉందని స్వయంగా చెప్పాక, అది వేరే జబ్బే అయినా, ‘ఆటో ఇమ్యూన్’ అన్న మాట తెలుగిళ్లలో కొత్తది కాకుండా పోయింది. ఒకప్పుడు “ఏంటీ, గోధుమ పడదా?” అని నవ్వినవాళ్లు ఇప్పుడు కనీసం ఆగి వింటున్నారు.

చెడు కూడా తక్కువేమీ కాదు. మొదటిది, పరీక్ష చెడిపోవడం. యాంటీబాడీ పరీక్షకైనా, ఎండోస్కోపీలో తీసే పేగు ముక్కకైనా మనిషి అప్పటికి గ్లూటెన్ తింటూ ఉండాలి. ఎవరి మాటో విని మూడు నాలుగు నెలల ముందే మానేస్తే పేగు కొంత మానుతుంది, యాంటీబాడీలు తగ్గుతాయి, ఫలితం ‘లేదు’ అని రావచ్చు. అప్పుడు జబ్బు తేల్చుకోవాలంటే మళ్లీ వారాల తరబడి గోధుమ తిని బాధపడాలి. కొందరు అందుకు ఒప్పుకోరు. జబ్బుందో లేదో తెలియకుండానే జీవితాంతం పథ్యం చేస్తారు. రెండోది, నమ్మకం పోవడం. పదిమంది ఫ్యాషన్‌కు అడిగి, చివర్లో మనసు మార్చుకుని కేక్ ముక్క తిన్నాక, పదకొండోవాడు “నిజంగానే పడదు” అంటే వంటవాడు ఎందుకు వింటాడు? అదే గరిటె, అదే నూనె, అదే పెనం.

మానేశాక ఏ పోషకం ఎందుకు తగ్గుతుందో తెలిస్తే తర్వాతి వాదం సులువవుతుంది. గ్లూటెన్ దెబ్బ ఎక్కువగా తగిలేది చిన్నపేగు మొదటి భాగానికి. ఐరన్‌ను పీల్చుకునేది అక్కడే. కాల్షియం, ఫోలేట్‌లకూ ఆ పై భాగమే ఆధారం. కొవ్వు సరిగ్గా అరగకపోతే కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లూ జారిపోతాయి. జింకు కూడా అంతే. బి12ను పీల్చుకునేది చిన్నపేగు చివరి భాగం కాబట్టి సిద్ధాంతం ప్రకారం అది బాగుండాలి. కానీ రోగుల్లో కొందరికి అదీ తక్కువగానే ఉంటుంది, శాకాహారులైతే మరీను. చూషకాల కొనల మీద తయారయ్యే లాక్టేజ్ తగ్గడంవల్ల మొదట్లో కొందరికి పాలు పడవు. వాళ్లలో చాలామందికి పెరుగన్నం పడుతుంది, పేగు మానాక పాలూ పడవచ్చు. ఇవన్నీ జబ్బు వల్ల వచ్చే లోటు. పథ్యం వల్ల వచ్చే లోటు వేరే ఉంది. దాని గురించి ఆసుపత్రిలో మాట్లాడేది తక్కువ.

తెలుగువాడికి ఇక్కడ పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఒకటుంది. పంజాబులో ఈ జబ్బు వస్తే కంచం మొత్తం మార్చుకోవాలి. మనకు అన్నం, పప్పు, ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, పులిహోర, పెరుగు, చేప, గుడ్డు, వేటమాంసం అన్నీ సహజంగా గ్లూటెన్ లేనివే. కొత్తగా ఏదో కొనుక్కోనవసరం లేకుండా అమ్మమ్మ వంటతోనే బతకవచ్చు. ఆ సౌకర్యమే ఒక్కోసారి మోసం చేస్తుంది. గ్లూటెన్ లేదు కదా అని బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం మీదే మూడు పూటలూ గడిపితే, ముందే ఖాళీ అయిన ఐరన్, కాల్షియం నిల్వలు నిండవు. చపాతీ నుంచి అందే పీచు, కొంత ఐరన్, బి విటమిన్లు కూడా పోతాయి. పేగు మాని ఆకలి పెరిగాక అన్నం గుట్టలు పెరిగి, ఏడాదికల్లా నడుము చుట్టుకొలత పెరిగినవాళ్లూ ఉంటారు. బక్కచిక్కిన మనిషి బరువు పెరిగితే ఇంట్లోవాళ్లకు సంతోషమే. కానీ బరువు పెరగడం, లోటు తీరడం ఒకటి కావు.

సిరిధాన్యాల వైపు మొగ్గు చూపేవాళ్లు సరిగ్గా ఈ చోటే తమ వాదం వినిపిస్తారు, దానికి బలముంది. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములైనా ఉండదు. సజ్జల్లో ఐరన్ బియ్యంలోకన్నా ఎన్నో రెట్లు. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు అన్నీ గ్లూటెన్ లేనివే. రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ వాటితో అటుకులు, రవ్వ, పాస్తా దాకా చేసి చూపించింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇంత దగ్గర్లో ఇంత ఉండగా విదేశీ ప్యాకెట్ దేనికి అన్న ప్రశ్న సబబే.

అయినా అదే ఊళ్లో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో, ఇందుకు ఎదురు నిలిచే పాఠం ఒకటి నమోదై ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు చేరిన ఆ సంస్థలో గోపాలన్, శ్రీకాంతియా 1960ల ప్రాంతంలో పెలాగ్రా మీద పనిచేశారు. నయాసిన్ లోటుతో ఎండ తగిలే చోట చర్మం కమిలిపోయే ఆ జబ్బు దక్కన్‌లో జొన్న తప్ప మరోటి దొరకని పేదల్లో కనిపించేది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ ఒక కారణమని వాళ్లు వాదించారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. దోషం జొన్నది కాదు, జొన్న ఒక్కటే తినడానిది అనుకున్నా మన ప్రశ్నకు సరిపోతుంది: ఒక గింజను తీసేసి ఇంకొక గింజను దేవుణ్ణి చేస్తే లోటు స్థలం మారుతుందంతే. రాగిలో కాల్షియంతో పాటు దాన్నీ ఐరన్‌నూ పట్టి ఉంచే ఫైటేట్లూ ఉన్నాయి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వాటిని తగ్గిస్తాయి. పాతకాలపు అంబలి అందుకే తెలివైన వంట. అయోడిన్ తక్కువైన చోట సజ్జలే ముఖ్యాహారమైతే థైరాయిడ్‌కు ఇబ్బంది రావచ్చు. సీలియాక్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ సమస్య మామూలు జనంలోకన్నా ఎక్కువ కాబట్టి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకొక చిక్కు గిర్నీ దగ్గరుంది. యూసుఫ్‌గూడలోనో, కృష్ణానగర్‌లోనో ఏ పిండిమర దగ్గరైనా ఉదయం కాసేపు నిలబడితే తెలుస్తుంది. ముందువాళ్ల గోధుమలు దిగిపోయాక మర ఆపకుండానే తర్వాతి జొన్నలు పోస్తారు. మొదటి రెండు మూడు గుప్పిళ్లలో తెల్లగా కలిసి వచ్చేది ముందువాళ్ల గోధుమపిండే. డబ్బాల మీద, గుడ్డ సంచి మీద, చివరికి గాలిలో కూడా ఆ పిండే. మామూలు మనిషికి ఇదేం లెక్క కాదు. సీలియాక్ మనిషి మాత్రం ‘అన్నీ సహజమే’ అనుకుని తిన్న జొన్నరొట్టెతో రోజూ కొంచెం గోధుమ తింటున్నాడు. యాంటీబాడీలు ఎందుకు తగ్గడం లేదో అతనికీ వైద్యుడికీ అర్థం కాదు. ఈ దృష్టితో చూస్తే, మన దేశంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదన్న నియమానికి లోబడి అమ్మే లేబుల్ ప్యాకెట్‌కు ఒక విలువ ఉంది. ఖరీదని విమర్శించేవాళ్లు దాన్ని ఒప్పుకోవాలి. ఆ ప్యాకెట్లలో చాలావాటిలో ఉండేది బియ్యప్పిండి, మొక్కజొన్న లేదా కర్రపెండలం స్టార్చ్, చక్కెర, నూనె. గ్లూటెన్ ఉండదు గానీ పీచు, ఫోలేట్, ఐరన్ కూడా అంతంతమాత్రమే. ప్యాకెట్‌ను నమ్మేవాళ్లు దీన్నీ ఒప్పుకోవాలి. ఇంట్లో చిన్న మిక్సీనో, టేబుల్ మీద పట్టే పిండిమరనో కొనుక్కోగలిగితే ఈ తగువు చాలావరకు తీరుతుంది. కొనలేనివాళ్లకు బియ్యం, పప్పు కడిగి రుబ్బుకునే పాత పద్ధతి ఉంది.

ఇంగువ సంగతీ చెప్పుకోవాలి. బజారులో దొరికే పొడి ఇంగువలో చాలా రకాల్లో మైదా కలుస్తుంది, డబ్బా వెనక చదివితే రాసే ఉంటుంది. ఇది విని పులిహోర, చారు, ఊరగాయ అన్నీ పారబోయాలా? లెక్క వేసి చూద్దాం. చిటికెడు పావు గ్రామనుకుంటే, అందులో సగం మైదా, మైదాలో పదో వంతు గ్లూటెన్: పోపుకు 12 మిల్లీగ్రాములు, నలుగురు పంచుకుంటే తలకు మూడు. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తింటే పేగుకు హాని జరిగిందని ఇటలీ పరిశోధన ఒకటి చూపింది. పది లోపు చాలామంది తట్టుకుంటారని సాధారణ అభిప్రాయం. కాబట్టి పెళ్లి భోజనంలో ఒకరోజు తిన్న పప్పుచారుకు భయంతో చావనక్కర్లేదు. కానీ రోజూ పప్పులో, చారులో, పచ్చడిలో వేసే ఇంటి ఇంగువను మార్చుకోకపోవడానికి కారణమూ లేదు. బియ్యప్పిండి కలిపినదో, ముద్ద ఇంగువ వాడి దానిలో ఏం కలిపారో చూసుకున్నదో దొరుకుతుంది.

మాత్రల విషయంలో ఫిల్మ్‌నగర్ పరిసరాలకు సొంత అలవాటొకటుంది. అలసట అనగానే విటమిన్ డ్రిప్ పెట్టే క్లినిక్‌లు ఈ చుట్టుపక్కల ఎన్నో వెలిశాయి. షెడ్యూల్ మధ్యలో గంటసేపు సెలైన్ ఎక్కించుకుని వెళ్లేవాళ్లకు అది చురుకుదనంలా అనిపించవచ్చు. సీలియాక్ రోగికి అదే మందు అనుకుంటే ప్రమాదం. గ్లూటెన్ ఆగకుండా ఎక్కించినది ఎన్నాళ్లు నిలుస్తుంది? అలాగని డ్రిప్ అనగానే నవ్వేయడమూ సరికాదు. హిమోగ్లోబిన్ బాగా పడిపోయి, మాత్ర పీల్చుకునే పేగే పాడైనప్పుడు ఐరన్‌ను నరం ద్వారా ఇవ్వడం గుర్తింపు పొందిన వైద్యం. తేడా సూదిలో లేదు, ఎవరు ఏ పరీక్ష చూసి రాశారన్న దానిలో ఉంది.

మాత్రలు వద్దు, తిండితోనే అన్నీ వస్తాయనేవాళ్లది ఉదాత్తమైన మాట, పేగు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చాలావరకు నిజం కూడా. కానీ పెద్దవాళ్లలో పేగు పూర్తిగా మానడానికి రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఈలోగా మునగాకు, తోటకూర, గోంగూర ఎంత వండినా ఖాళీ అయిన నిల్వ నిండకపోవచ్చు. ఆకుకూరల ఐరన్ ఒంటబట్టేది తక్కువే. నిమ్మకాయ పిండుకుంటే కొంత మేలు, వెంటనే టీ తాగితే ఆ మేలూ పోతుంది. మరోవైపు మాత్రలకూ మర్యాదలున్నాయి. బి12 చూడకుండా ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే వాడితే రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తూ లోపల నరాలు దెబ్బతింటూ పోవచ్చు. వారానికొకటి చొప్పున కొన్ని వారాలకు రాసిచ్చే 60 వేల యూనిట్ల డి విటమిన్ పొడిని ఏళ్ల తరబడి సొంతంగా వాడేవాళ్లు మన మధ్యే ఉన్నారు. అది ఒంట్లో పేరుకుంటే కాల్షియం హద్దు మీరి మూత్రపిండాలకు చేటు. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకేసారి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి.

డబ్బు ఉన్నచోట, లేనిచోట ఈ పథ్యం ఒకటి కాదు. హీరోకు ఇంటినుంచి క్యారియర్ వస్తుంది, క్యారవాన్‌లో వంటమనిషే ఉండవచ్చు. కృష్ణానగర్ నుంచి తెల్లవారకముందే బస్సెక్కిన జూనియర్ ఆర్టిస్ట్, లైట్‌మన్ తినేది ప్రొడక్షన్ పెట్టిందే. పొద్దున ఇడ్లీ ఉంటే అదృష్టం. ఉప్మా అయితే బొంబాయి రవ్వ, అంటే గోధుమే. పూరీ అయితే చెప్పనక్కర్లేదు. అడిగి వేరేది తెప్పించుకునే చోటు అతనికి లేదు, అడిగితే రేపటి కాల్షీట్‌కు పిలుస్తారో లేదో. ఇలాంటివాళ్లకు ‘కచ్చితంగా పథ్యం చేయి’ అని చెప్పడం తేలిక. ఇటలీలో ప్రభుత్వం రోగులకు గ్లూటెన్ లేని సరుకుల కోసం నెలనెలా కూపన్లు ఇస్తుంది. మన దగ్గర ఇంత అరుదైన జబ్బుకు అలాంటి పథకం అడగడం, రక్తహీనత ఇంత ఉన్న రాష్ట్రంలో, న్యాయమా అంటే ఎటూ చెప్పలేం. ఇడ్లీ, పెరుగన్నం వేరుగా ఉంచడం మాత్రం ప్రొడక్షన్‌కు పెద్ద ఖర్చు కాదు.

ఇన్ని అటూ ఇటూ తూచాక నాకు సబబుగా తోచే దారి ఏ పక్షాన్నీ పూర్తిగా తృప్తి పరచదు. అనుమానం ఉన్నవాళ్లు ముందు పరీక్ష చేయించుకుని ఆ తర్వాతే గోధుమ మానాలి, ఎంత తొందరగా ఉన్నా. జబ్బు తేలాక అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు, తినేవాళ్లకు గుడ్డు, చేప పునాదిగా ఉండాలి. వారంలో కొన్ని పూటలు రాగి, జొన్న, కొర్ర మార్చి మార్చి రావాలి. ప్యాకెట్ ప్రయాణాలకు, పుట్టినరోజులకు సరి. ఐరన్ నిల్వ, బి12, ఫోలేట్, డి విటమిన్ మొదట్లోనే కొలిపించుకుని, తక్కువైనదానికే, ఎప్పుడు ఆపాలో కూడా రాయించుకుని మాత్ర వేసుకోవాలి. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ కొలవాలి. పెద్దవాళ్లకు ఎముకల సాంద్రత పరీక్ష గురించి వైద్యుణ్ణి అడగాలి. పోషకాహార నిపుణుల దగ్గర ఒక గంట కూర్చోవడం ఈ మొత్తంలో తక్కువ ఖర్చుతో అయ్యే పని, తరచూ మానేసే పనీ అదే.

మిగిలిపోయే ప్రశ్న ఇల్లంతా మానాలా అన్నది. నాన్నకు షుగరు, రాత్రికి చపాతీ. పాపకు సీలియాక్. సత్యనారాయణ వ్రతం వస్తే గోధుమ రవ్వ ప్రసాదం, అన్నవరం వెళ్లినా అదే. పాప చిన్నదైతే ఒకటి రెండేళ్లు ఇంట్లో గోధుమపిండే ఉంచకుండా గడిపే కుటుంబాలున్నాయి. అందరికీ అది కుదరదు, అక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు. ఉంచుకునేట్టయితే జల్లెడ, చపాతీ పీట, కర్ర, వీలైతే పెనం పాపకు వేరుగా పెట్టి, చపాతీ పిండి కలిపేది ఆమె వంట అయ్యాకే పెట్టుకోవాలి. ప్రసాదం విషయంలో వ్రతం చేసుకునేవాళ్లు రవ్వతో పాటు బెల్లం, కొబ్బరి, అరటిపండు వేరే గిన్నెలో నైవేద్యం పెట్టి, ముందు ఆ గిన్నెలోంచి పాపకు తీసి ఇవ్వవచ్చు.